మేక కాళ్ల జెల్లీ, బెల్లం, వూస్టర్ సాస్: మా ఇంటి మీట్‌లోఫ్

ఇక్కడ అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల దగ్గర మీట్‌లోఫ్ పేరెత్తితే ఆసక్తి చూపించేవాళ్లు తక్కువ. వాళ్లనేం అనలేం. చాలామంది దాన్ని మొదటిసారి తినేది ఆఫీసు క్యాంటీన్‌లోనో, పిల్లల స్కూల్లోనో. బూడిదరంగు ముక్క, దాని మీద చిక్కటి గ్రేవీ, నోట్లో పెట్టుకుంటే పొడిపొడిగా రాలే మాంసం. అది తిన్నాక ఈ దేశంవాళ్లకి కైమా వండటం రాదనుకోవడం సహజమే. కానీ బాగా చేసిన మీట్‌లోఫ్ చాలా మంచి వంట. మా ఇంట్లో చలికాలం మొదలవగానే, ముఖ్యంగా ఆదివారాలు, మా అబ్బాయి అడిగి మరీ చేయించుకుంటాడు. నేను ఎలా చేస్తానో, ఎందుకలా చేస్తానో వివరంగా రాయమని చాలామంది స్నేహితులు అడిగారు. అందుకే కొంచెం పెద్ద పోస్టే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం ముందు రెండు మాటలు. కైమాలో పాలలో నానబెట్టిన బ్రెడ్డు, గుడ్లు, వేయించిన ఉల్లిపాయ కలిపి, బ్రెడ్డు లోఫ్ ఆకారంలో ఒక్క ముద్దగా చేసి, ఓవెన్‌లో కాల్చి, పైన తీపి పులుపుగా ఉండే కెచప్ పూత వేస్తారు. ముక్కలు కోసి ఉడికించిన బంగాళాదుంప ముద్దతో తింటారు. చూడ్డానికి అంతే. ఇందులో రుచి మసాలాల నుంచి రాదు. మాంసంలో తడి ఎంత నిలబెట్టాం, మాంసంలో కలిపేవాటిని ముందే ఎంత బాగా వేయించాం అన్న రెండిటి మీదే మొత్తం ఆధారపడి ఉంటుంది. మన కైమా కూరలో మాంసం పొడిబారినా పర్లేదు, మసాలా, నూనె కాపాడతాయి. ఇక్కడ ఆ అండ లేదు.

ముందు మాంసం సంగతి. అమెరికన్ ఇళ్లలో ఎక్కువగా వాడేది బీఫ్. 80/20 అని రాసి ఉంటుంది, అంటే ఇరవై శాతం కొవ్వు. ఇక్కడి కొన్ని సూపర్ మార్కెట్లలో బీఫ్, పోర్క్, లేతదూడ మాంసం మూడూ కలిపి "మీట్‌లోఫ్ మిక్స్" అని ఒకే ప్యాకెట్‌గా కూడా అమ్ముతారు. మా ఇంట్లో బీఫ్, పోర్క్ రెండూ వండం. అందుకని నేను ఒక పౌండు గొర్రె కైమా, ఒక పౌండు టర్కీ కోడి కైమా కలుపుతాను. రెండూ కలిపి దాదాపు 900 గ్రాములు. గొర్రె ఒక్కటే వేస్తే కొవ్వు వాసన పైకి తేలి, పక్కనున్న రుచుల్ని మింగేస్తుంది. టర్కీ ఒక్కటే వేస్తే చప్పగా ఉంటుంది. సగం సగం కలిపితే ఒకదాని లోటు ఇంకొకటి పూడుస్తుంది. టర్కీ కొనేటప్పుడు 99 శాతం లీన్ అని ఉన్న ప్యాకెట్ మాత్రం తీసుకోకండి. అది ఉత్త రొమ్ము మాంసం, ఏం చేసినా పీచుపీచుగానే వస్తుంది. 85/15 తీసుకోండి. మేక కైమా వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, కానీ మేక మాంసంలో కొవ్వు తక్కువ కాబట్టి షాపులో అడిగి కొంచెం కొవ్వు కలిపి తిప్పించుకోవాలి.

ఆ మిక్స్‌లో లేతదూడ మాంసం ఉండటానికి ఓ కారణం ఉంది. అందులో ఉడికితే జిగురుగా మారే కొలాజెన్ ఎక్కువ. ఆ జిగురే రసాన్ని పట్టి ఉంచుతుంది, నోట్లో మెత్తగా, నిండుగా అనిపిస్తుంది. దూడ మాంసం లేనివాళ్లు రుచిలేని జెలటిన్ పొడి కలపాలని ఇక్కడి వంటవాళ్లు చెప్తారు. ఆ పొడి ఎక్కువగా పంది, ఆవు చర్మాల నుంచి, ఎముకల నుంచి తయారవుతుంది కాబట్టి నేను వాడను. నాకు దొరికిన దారి మేక కాళ్లు. మా అమ్మ ఏలూరులో జలుబు చేసినా, కాలు బెణికినా మేక కాళ్ల పులుసు పెట్టేది. చల్లారాక ఆ గిన్నెలో పులుసు ఎలా గడ్డకట్టేదో చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఆ గడ్డకట్టేదే జెలటిన్.

హలాల్ షాపులో కాల్చి శుభ్రం చేసిన కాళ్లు దొరుకుతాయి. నాలుగు కాళ్లు, ఆరు కప్పుల నీళ్లు, నాలుగు మిరియాలు, ఒక ఉల్లిపాయ వేసి కుక్కర్‌లో గంటసేపు ఉడికించి వడగడతాను. ఉప్పు వేయకూడదు, ఎందుకంటే ఆ నీళ్లని తర్వాత ఒక కప్పు అయ్యేదాకా మరిగిస్తాం. మరిగాక ఫ్రిజ్‌లో పెడితే గట్టి జెల్లీ అవుతుంది. పైన పేరుకున్న కొవ్వు తీసేసి, ఐస్ ట్రేలో వేసి ఫ్రీజర్‌లో దాచుకుంటే చాలాసార్లకి సరిపోతుంది. ఒక మీట్‌లోఫ్‌కి మూడు టేబుల్‌స్పూన్లు చాలు. చాకుతో సన్నగా తరిగి, చల్లగానే కైమాలో కలపాలి. ఓవెన్‌లో అది కరిగి మాంసంలోకి ఇంకుతుంది. మసాలా వేయని కాళ్ల రసం కాబట్టి పులుసు వాసనేమీ రాదు. ఇది లేకుండా కూడా మీట్‌లోఫ్ చేయొచ్చు, కానీ టర్కీతో చేసేటప్పుడు మాత్రం తేడా చాలా స్పష్టంగా తెలుస్తుంది. ఈ ఒక్క పనికి బద్ధకించొద్దని నా మనవి.

తర్వాత బ్రెడ్డు. మూడు ముక్కలు మామూలు తెల్ల బ్రెడ్డు చిన్నగా తుంచి, అర కప్పు పాలు పోసి, పది నిమిషాలు నానబెట్టి, ఫోర్కుతో మెత్తటి ముద్దగా చేయాలి. ముక్కలు కనపడకూడదు. మాంసం వేడెక్కేకొద్దీ అందులోని ప్రోటీన్ పోగులు బిగుసుకుని రసాన్ని బయటికి పిండేస్తాయి. మధ్యలో ఈ పాలబ్రెడ్డు ముద్ద ఉంటే పోగులు ఒకదానికొకటి గట్టిగా అతుక్కోలేవు, బయటికొచ్చిన రసాన్ని కూడా అందులోని పిండిపదార్థం పట్టేసుకుంటుంది. పొడి బ్రెడ్ క్రంబ్స్ నేరుగా వేస్తే అవే మాంసంలోని తడి పీల్చేస్తాయి. క్యాంటీన్ మీట్‌లోఫ్ గట్టిగా ఉండటానికి ఇదొక కారణమని నా అనుమానం.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు పక్కన నిలబడి చూసి, "కైమా ఉండల్లో పుట్నాల పప్పు పొడి వేస్తాం కదే, అలాంటిదేగా" అంది. పని దగ్గరదే. కాకపోతే పుట్నాల పొడి ఉండని విడిపోకుండా పట్టుకోవడానికి. పాలబ్రెడ్డు దానితోపాటు మాంసాన్ని మెత్తగా కూడా ఉంచుతుంది. నేను ఒకసారి పుట్నాల పొడి వేసి చూశాను, రుచి బాగుంది కానీ ముక్క గట్టిపడింది. ఉండలకి అది, దీనికి ఇది.

బ్రెడ్డు వేయడం వెనక పేదరికం కూడా ఉంది. 1930ల్లో ఇక్కడ పెద్ద ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు, కొంచెం మాంసంతో ఇంటిల్లిపాదికీ భోజనం పెట్టడానికి ఆడవాళ్లు కైమాలో క్రాకర్లు, ఓట్స్, ఎండిన బ్రెడ్డు కలిపి మీట్‌లోఫ్ చేసేవాళ్లు. తర్వాత రెండో ప్రపంచయుద్ధంలో, 1943 మార్చిలో మాంసానికి రేషన్ వచ్చినప్పుడు మళ్లీ అదే ఆదుకుంది. అంటే మాంసం సరిపోక వేసిన బ్రెడ్డే మాంసాన్ని మెత్తగా చేసింది. ఇప్పుడు మాంసం ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, అయినా బ్రెడ్డు వేయకుండా చేస్తే బాగుండదు. పొదుపు కోసం పుట్టిన వంటలంటే నాకు ఎప్పుడూ గౌరవమే. వాటిని కనిపెట్టినవాళ్ల పేర్లు ఎక్కడా ఉండవు.

ఇక వేయించాల్సినవి. ఒక పెద్ద ఉల్లిపాయ చాలా సన్నగా తరిగి, వెన్నలో చిన్న మంట మీద బంగారు రంగు వచ్చేదాకా వేయించాలి. పచ్చి ఉల్లిపాయ కలిపితే ఓవెన్‌లో అది సరిగ్గా ఉడకదు, నీళ్లు మాత్రం వదులుతుంది. అదే బాండీలో ఒక చిన్న డబ్బా పుట్టగొడుగులు, అంటే 225 గ్రాములు, కైమా అంత సన్నగా తరిగి వేయాలి. మొదట నీళ్లు ఊరతాయి. కంగారు పడకుండా అవి ఇగిరిపోయి, పుట్టగొడుగు అడుగంటబోయే దశ వచ్చేదాకా ఆగాలి. అప్పుడు నాలుగు వెల్లుల్లి రెబ్బలు, రెండు స్పూన్ల టమాటా పేస్టు. పేస్టు పచ్చి ఎరుపు పోయి ఇటుక రంగుకి తిరిగేదాకా వేయించాలి. ఈ దశ మన ఆడవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, టమాటా మగ్గి నూనె తేలేదాకా ఆగడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటే. పుట్టగొడుగు, టమాటా రెండిట్లోనూ గ్లుటమేట్ సహజంగానే ఉంటుంది. మాంసం రుచిని పెంచేది అదే. పుట్టగొడుగు ఇష్టపడని మావారికి అందులో అది ఉందని ఇప్పటికీ నాలుకకి తెలియదు, నేను చెప్పాను కాబట్టి తెలుసు. ఇదంతా పూర్తిగా చల్లారనివ్వాలి. వేడిగా కలిపితే కైమాలోని కొవ్వు ముందే కరిగిపోతుంది. కాప్సికం వేసేవాళ్లున్నారు. దాని వాసన మిగతా అన్నిటినీ తొక్కేస్తుంది కాబట్టి నేను వేయను.

రుచికి అసలైన వెన్నెముక వూస్టర్ సాస్. రెండు టేబుల్‌స్పూన్లు. లీ అండ్ పెరిన్స్ వాళ్లు ఇంగ్లండులోని వూస్టర్‌లో 1837లో అమ్మకం మొదలుపెట్టిన సాస్ ఇది. సీసా వెనక చదివితే వినిగర్, మొలాసిస్, ఆంకోవీ చేపలు, ఉల్లి, వెల్లుల్లి, వాటితోపాటు చింతపండు కనపడుతుంది. ఆ పులుపు మన నాలుకకి కొత్తగా అనిపించకపోవడానికి కారణం అదే. చేప తిననివాళ్లు ఉంటే చూసి కొనుక్కోండి. దీనికి తోడు ఒక టేబుల్‌స్పూన్ సోయా సాస్, ఒక టేబుల్‌స్పూన్ మస్టర్డ్ (సీసాలో దొరికే ఆవాల ముద్ద), ఒకటిన్నర టీస్పూన్ మామూలు ఉప్పు, అప్పటికప్పుడు దంచిన మిరియాల పొడి ఒకటిన్నర టీస్పూన్, కొంచెం ఎండు థైమ్, గుప్పెడు పార్స్‌లీ. అంతే.

గరం మసాలా వేస్తే ఇంకా బాగుంటుంది కదా అని నన్ను అడగనివాళ్లు లేరు. కొత్తిమీర, పచ్చిమిర్చి, అల్లంవెల్లుల్లి ముద్ద వేసి "దేశీ మీట్‌లోఫ్" చేసేవాళ్లూ ఉన్నారు. అది రుచిగా ఉండదని నేననను. కానీ లవంగం, యాలక్కాయ పడగానే ఉల్లిపాయ తీపి, వేగిన పుట్టగొడుగు రుచి, పైన కెచప్ పులుపు ఇవన్నీ వెనక్కి వెళ్లిపోతాయి. అప్పుడది ఓవెన్‌లో కాల్చిన కబాబు. కబాబు తినాలనుంటే కబాబే చేసుకుందాం, దానికి మనకి ఎంతో మంచి పద్ధతులున్నాయి. ఎవరో కూరే మసాలా వేయించకుండా, మీగడ పోసి గుత్తివంకాయ చేస్తే మనకి ఎలా ఉంటుందో ఆలోచించండి. ఒక దేశం వంటని ముందు వాళ్ల పద్ధతిలో బాగా చేయడం నేర్చుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను. కారం కావాలనుకునేవాళ్లు మిరియాలు ఇంకో అర స్పూన్ పెంచుకోండి. మిరియం దీనికి బాగా నప్పుతుంది.

కలపడం. పెద్ద గిన్నెలో ముందు పాలబ్రెడ్డు, రెండు గుడ్లు, చల్లారిన ఉల్లి పుట్టగొడుగు, సాసులు, ఉప్పు, మిరియాలు, జెల్లీ అన్నీ బాగా కలిపేయాలి. ఎంత కలిపినా నష్టం లేదు. అన్నీ సమంగా కలిశాకే, ఫ్రిజ్ నుంచి అప్పుడే తీసిన కైమా వేయాలి. ఇక్కడి నుంచి చెయ్యి తేలిగ్గా ఉండాలి. చపాతీ పిండిలా పిసికారంటే పని అయిపోయినట్టే. ఉప్పు తగిలిన మాంసాన్ని ఎక్కువగా పిసికితే అందులోని ప్రోటీన్ జిగురై, సాసేజ్‌లాగా బిగుసుకుంటుంది. వేళ్లు విడదీసి, కింది నుంచి పైకి తిరగేస్తూ, పచ్చి కైమా గడ్డలు కనపడకుండా పోగానే ఆపేయాలి. మెత్తగా, కొంచెం చేతికి అంటుకునేలా ఉంటుంది. గట్టిగా లేదని మళ్లీ బ్రెడ్డు కలపకండి.

ఈ దశలో నేను తప్పకుండా చేసే పని, చిన్న వడంత ముద్ద తీసి పెనం మీద కాల్చి రుచి చూడటం. పచ్చి కైమా నోట్లో పెట్టుకోలేం, కాల్చాక ఉప్పు సరిచేయలేం. రెండు నిమిషాల పని.

లోఫ్ పాన్ పేరు దీని కోసమే పెట్టారనిపిస్తుంది కానీ అందులో కాల్చొద్దు. నాలుగు గోడల మధ్య దిగిన కొవ్వు, రసం ఎటూ పోక మాంసం వాటిలోనే ఉడుకుతుంది, పైన తప్ప ఎక్కడా రంగు రాదు. రేకు ట్రే మీద పార్చ్‌మెంట్ కాగితం పరిచి, దాని మీద చేత్తోనే పది అంగుళాల పొడవు, ఐదు అంగుళాల వెడల్పు ఉండేలా ముద్ద పేర్చాలి. ఆకారం సరిగ్గా రాదనుకుంటే పాన్‌లో ప్లాస్టిక్ కాగితం వేసి, అందులో అదిమి, ట్రే మీదకి బోర్లించి, కాగితం తీసేయొచ్చు. మధ్యలో చిన్న పల్లంగా నొక్కితే కాలేటప్పుడు ఉబ్బకుండా ఉంటుంది. తడి చేత్తో పైన నునుపుగా రాయాలి. పగుళ్లు ఉంటే అక్కడే విచ్చుకుంటాయి.

ఓవెన్ 350 డిగ్రీల ఫారెన్‌హీట్. మన లెక్కలో 175 సెల్సియస్. మొదట నలభై నిమిషాలు పూత లేకుండానే కాల్చాలి. చాలా రెసిపీలు ముందే కెచప్ పూసి పెట్టమంటాయి, కానీ అలా చేస్తే పైభాగం ఆరదు, పూత జారి ట్రేలో పడుతుంది. పైన పొడిగా, లేత గోధుమరంగులోకి వచ్చాక సగం పూత రాసి పదిహేను నిమిషాలు, తర్వాత మిగతా సగం రాసి ఇంకో పది పదిహేను నిమిషాలు. చివర్లో రెండు నిమిషాలు పైమంట పెడితే పూత మెరుస్తూ, అంచుల్లో కొంచెం నల్లబడుతుంది. ఓవెన్ ముందు నుంచి కదలొద్దు, చక్కెర ఉంది కాబట్టి చూస్తుండగానే మాడుతుంది.

ఆ పూతకి అర కప్పు కెచప్, రెండు టేబుల్‌స్పూన్ల బెల్లం తురుము, ఒక టేబుల్‌స్పూన్ ఆపిల్ సైడర్ వినిగర్, చిటికెడు మిరియాలు. చిన్న గిన్నెలో బెల్లం కరిగేదాకా వేడి చేస్తే చాలు. ఇక్కడివాళ్లు బ్రౌన్ షుగర్ వేస్తారు. బెల్లం మా ఇంట్లో ఎప్పుడూ ఉంటుంది, దాని రుచిలో లోతు ఎక్కువ, పైగా బ్రౌన్ షుగర్‌లో ఉండే మొలాసిస్ వాసన ఇందులో సహజంగానే ఉంది. మాంసం, జెల్లీ సంగతి పక్కన పెడితే, ఈ ఒక్క చోటే నేను పద్ధతి మార్చాను. కెచప్ మాత్రం హైంజ్ తప్ప వేరేది కొనను. మేముండేది పిట్స్‌బర్గ్‌లో. హైంజ్ టమాటా కెచప్ 1876లో మొదలైంది ఈ ఊళ్లోనే. స్ట్రిప్ డిస్ట్రిక్ట్‌లోని హైంజ్ హిస్టరీ సెంటర్‌కి వెళ్తే పాతకాలపు సీసాలు, లేబుళ్లు వరసగా పెట్టి ఉంటాయి. ఊరి మీద అభిమానమే అనుకోండి.

ఉడికిందో లేదో గడియారం చూసి చెప్పలేం. మాంసం ఎంత చల్లగా ఉంది, ముద్ద ఎంత ఎత్తుంది, ఓవెన్ ఎలాంటిది అన్నదాన్ని బట్టి మారుతుంది. వంటింటి థర్మామీటర్ కొనుక్కోండి. ఇక్కడి వ్యవసాయ శాఖ లెక్క ప్రకారం గొర్రె, బీఫ్ కైమా అయితే మధ్యలో 160 డిగ్రీలు, టర్కీ, చికెన్ కైమా అయితే 165 రావాలి. మనది రెండూ కలిసింది కాబట్టి 165, అంటే 74 సెల్సియస్. ముక్క మాంసానికి సూక్ష్మజీవులు ఎక్కువగా పైనే ఉంటాయి, కైమా చేసినప్పుడు అవి లోపలంతా కలిసిపోతాయి. అందుకే మధ్యభాగం కూడా ఉడకాల్సిందే. అలాగని 180 దాకా వదిలేస్తే ఇంతసేపు పడ్డ శ్రమంతా ట్రేలోకి కారిపోతుంది. లోపల గులాబీ రంగు ఉందా లేదా అన్నది చూసి మోసపోవద్దు, అంకెనే నమ్మండి.

బయటికి తీశాక పదిహేను నిమిషాలు ముట్టుకోకూడదు. మా అబ్బాయికి ఆ పదిహేను నిమిషాలే కష్టం. వెంటనే కోస్తే ముక్క విరుగుతుంది, రసం పలక మీదకి పోతుంది. తర్వాత రంపపు పళ్ల బ్రెడ్డు చాకుతో ఒక అంగుళం మందాన కోయాలి. పక్కన వెన్న, పాలు వేసి మెదిపిన బంగాళాదుంప, ఉడికించిన బీన్స్. అమ్మ మాత్రం అన్నంలో మిరియాల చారు పోసుకుని ఇది నంచుకుని తింది. నేనూ రుచి చూశాను, చాలా బాగుంది. కెచప్ పులుపుకి చారు ఘాటు ఎక్కడా అడ్డు రాలేదు.

ఇండియాలో చేసుకునేవాళ్లకి: ఓటీజీలో 180 డిగ్రీల సెల్సియస్ పెట్టి, ముద్దని రెండు చిన్న లోఫ్‌లుగా చేయండి, చిన్న ఓవెన్‌లో పెద్దది పెడితే పైభాగం మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. నలభై నిమిషాల నుంచి థర్మామీటర్‌తో చూస్తూ ఉండండి. టర్కీ బదులు చికెన్ కైమా వాడండి, అయితే రొమ్ము కాకుండా తొడ మాంసం తిప్పించండి. థైమ్ దొరక్కపోతే వదిలేయండి. వాము దానికి దగ్గరి వాసనే కానీ ఘాటు చాలా ఎక్కువ, వేస్తే చిటికెలో సగం.

మర్నాటికి మిగిలితే అది అదృష్టం. చల్లటి మీట్‌లోఫ్ పలచగా కోయడానికి వీలుగా ఉంటుంది. ముక్కని ఇనుప పెనం మీద కొంచెం వెన్నతో రెండు వైపులా గట్టిగా కాల్చి, పొర ఏర్పడ్డాక, కాల్చిన బ్రెడ్డులో మస్టర్డ్, పచ్చి ఉల్లిపాయ చక్రాలతో పెట్టుకుంటే మొదటి రోజు కంటే నాకు అదే ఎక్కువ ఇష్టం. సోమవారం మా ఇద్దరి లంచ్ డబ్బాల్లోనూ అదే ఉంటుంది. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలవుంటుంది. అంతకంటే ఎక్కువ దాచాలంటే ముక్కలు కోసి, ఒక్కొక్కటీ విడిగా చుట్టి ఫ్రీజర్‌లో పెట్టండి, కావాల్సినప్పుడు ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చుకుంటే పొద్దున్నకి కాల్చడానికి సిద్ధంగా ఉంటుంది.